తగవు తీర్చే పిల్లలకు మన బాకీ

ఉపాధ్యాయ మిత్రులకు, వార్డెన్లకు, తల్లిదండ్రులకు, పై తరగతుల పిల్లలకు...

మన బళ్లలో క్లాస్ లీడర్ అంటే ఎవరు? సారు స్టాఫ్ రూముకు వెళ్లగానే సుద్దముక్క పట్టుకుని, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాడు. రెండోసారి నోరు తెరిస్తే పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టేవాడు. దోస్తు పేరు మెల్లగా తుడిపేసేవాడు. పడనివాడు నోరు విప్పకపోయినా వాడి పేరు ఎక్కించేవాడు. తరాల తరబడి మనం పిల్లల చేతిలో పెట్టిన అధికారం ఇదొక్కటే: తోటివాణ్ణి పట్టించే అధికారం. ఇప్పుడు అదే లీడర్ని పిలిచి, "ఇకనుంచి క్లాసులో గొడవలన్నీ నువ్వే సర్దాలి" అని చొక్కాకు ఒక బ్యాడ్జి తగిలించి చేతులు దులుపుకుందామా? చాలాచోట్ల మనం చేస్తున్నది అదే. నోటీసు బోర్డు మీద థర్మోకోల్ అక్షరాలతో ‘విద్యార్థి శాంతి కమిటీ’ అని అతికిస్తాం, పేర్లు రాస్తాం, ఫొటో దిగుతాం. ఆ కమిటీలోని పిల్లలకు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. ఏం చెయ్యకూడదో అసలే చెప్పరు.

విద్యార్థుల తగవుల్లో తోటి విద్యార్థులే మధ్యవర్తులుగా కూర్చోవాలన్న ఆలోచన చాలా మంచిది. అది మంచిదని నమ్ముతున్నాను కాబట్టే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. ఆనాటినుంచి గురుకులాలు, నవోదయలు, కస్తూర్బా విద్యాలయాలు, సంక్షేమ హాస్టళ్లు పెరుగుతూ వచ్చి, మన రెండు రాష్ట్రాల్లో లక్షలమంది పిల్లలకు హాస్టలే ఇల్లయింది. ఆ ఇంట్లో తగవు ఎప్పుడు పుడుతుంది? తెల్లవారకముందు బెల్లు మోగాక కుళాయి దగ్గర బకెట్ల వరుసలో పుడుతుంది. గుడ్డు పెట్టే రోజున మెస్ లైన్లో ఎవడో మధ్యలో దూరితే పుడుతుంది. అమ్మ ఇచ్చిన పచ్చడి డబ్బా ట్రంకుపెట్టెలో సగమైతే, ఇంటికి ఫోను చేసుకునే ఆదివారం తన వంతు ఎవరో కొట్టేస్తే పుడుతుంది. ఇంటినుంచి వచ్చే పిల్లలకైతే వాట్సాప్ గ్రూపులో పడిన ఒక్క స్టిక్కరు చాలు. ఆ గడియల్లో వార్డెను అక్కడ ఉండరు. ఉన్నా వందలమందికి ఒక్కరు. కాబట్టి ఆ తగవుల్ని పిల్లలు ఇప్పటికీ తమలో తామే తేల్చుకుంటున్నారు. కండ ఉన్నవాడి మాట చెల్లుతుంది, లేదంటే పదో తరగతి ‘అన్న’ చెప్పిందే శాసనమవుతుంది. మనం కొత్తగా తేవలసింది మధ్యవర్తిని కాదు, ఆ ‘అన్న’ ఎప్పుడో వచ్చి కూర్చున్నాడు. తేవలసింది అతనికి శిక్షణ, అతనికో కట్టుబాటు.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. న్యూయార్క్‌లో క్వేకర్ మతస్థులు 1972లోనే బడిపిల్లలకు గొడవల్ని తెలివిగా ఎదుర్కోవడం నేర్పే పని మొదలుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1976లో పేటల తగవులు తీర్చడానికి పుట్టిన కమ్యూనిటీ బోర్డ్స్ సంస్థ, 1982లో ఆ పద్ధతిని బళ్లలోకి తీసుకెళ్లింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అనే అన్నదమ్ములు ఏళ్ల తరబడి దీన్ని పరిశోధించారు. ఏరిన కొద్దిమందికే నేర్పాలా, బడిలో ప్రతి బిడ్డకూ నేర్పి వంతులవారీగా అందర్నీ మధ్యవర్తులుగా కూర్చోబెట్టాలా అన్న ప్రశ్నకు వాళ్లు రెండోవైపు నిలబడ్డారు. న్యూజిలాండ్‌లో 1991 నుంచి కూల్ స్కూల్స్ పేరుతో ఇలాంటి కార్యక్రమం నడిచింది. అనుభవం పెరిగేకొద్దీ వాళ్లకు ఒక సంగతి తెలిసొచ్చింది: మంచి మనసు ఒక్కటే చాలదు, కొలతలు కావాలి. అమెరికాలో మధ్యవర్తుల వృత్తిసంఘం 2007లో బడి మధ్యవర్తిత్వ కార్యక్రమాలకంటూ ప్రత్యేకంగా ప్రమాణాలు రాసి పెట్టింది.

మన దేశంలో పెద్దల సంగతి చూడండి. కోర్టులు పంపే కేసుల్లో మధ్యవర్తిగా కూర్చోవాలంటే ఎంత సీనియర్ న్యాయవాదికైనా ముందు నలభై గంటల శిక్షణ కావాలని సుప్రీంకోర్టు వేసిన మధ్యవర్తిత్వ కమిటీ పద్ధతి పెట్టింది. 2023లో పార్లమెంటు ఏకంగా మధ్యవర్తిత్వ చట్టమే చేసింది. అది బడి తగవుల కోసం రాసిన చట్టం కాదు, నిజమే. కానీ ఇంత మాత్రం అడుగుతాను. ముప్పై ఏళ్లు కోర్టులో వాదించిన మనిషికి నలభై గంటలు కావాలట. పద్నాలుగేళ్ల పిల్లకు ఒక బ్యాడ్జీ, భుజం మీద ఒక తట్టూ సరిపోతాయా?

ఇక ఆ పిల్లలకు ఏం నేర్పాలి? మొట్టమొదట, తీర్పు చెప్పకుండా ఉండటం. ఇది వినడానికి తేలికగా ఉంటుంది గానీ మన గడ్డ మీద పెరిగిన బిడ్డకు చాలా కష్టం. మన కళ్లముందున్న నమూనాలన్నీ తీర్పు చెప్పేవే. రచ్చబండ మీద పెద్దమనుషులు తప్పెవరిదో తేల్చి తప్పు కట్టించేవారు. ఆ తేల్చడంలో ఎవరి కులం పెద్దది, ఎవరి పొలం పెద్దది అన్నది ఎంత పని చేసేదో మన తాతలకు బాగా తెలుసు. మరో నమూనా రాయబారం. జస్టిస్ ఎన్.వి. రమణ 2021లో భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, శ్రీకృష్ణ రాయబారాన్ని మధ్యవర్తిత్వానికి తొలినాటి ఉదాహరణగా చెప్పారు. ఆయన మీద గౌరవంతోనే ఒక మాట అంటాను. కౌరవసభకు బయలుదేరేనాటికే కృష్ణుడు అర్జునుడి రథం తోలడానికి మాటిచ్చి ఉన్నాడు. ఆయన పాండవుల దూత. ధర్మం పాండవుల వైపే ఉంది కాబట్టి కథలో ఆయన్ని ఎవరూ తప్పుపట్టరు. తొమ్మిదో తరగతి డార్మిటరీలో మాత్రం ఒకవైపు రథం ఎక్కినవాడు మధ్యలో కూర్చోకూడదు. మా ఊరివాడనీ, మా బెంచీవాడనీ, వరసకు బావ అవుతాడనీ తెలిసిన క్షణాన, "ఈ తగవులో నేను కూర్చోను, ఇంకొకర్ని పిలవండి" అని లేచిపోవడం ఆ బిడ్డకు రావాలి. అలా లేచినప్పుడు వేలెత్తి చూపకుండా మెచ్చుకోవడం మనకు రావాలి.

రెండోది, ఇష్టం. మధ్యవర్తి ముందుకు ఎవరూ బలవంతంగా రాకూడదు, వచ్చినవాళ్లు ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు. ఇక్కడ పిల్లలకంటే ముందు మనం మారాలి. ఇద్దరు కొట్టుకుంటే మనం చేసేదేమిటి? "సారీ చెప్పు. నువ్వూ చెప్పు. షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి. పొండి." అర నిమిషంలో అయిపోతుంది, గంట కొట్టేలోపు పాఠం కూడా పూర్తవుతుంది. దెబ్బ తిన్నవాడు ఆ చెయ్యి కలిపేటప్పుడు వాడి ముఖం మనం చూడం. బలవంతపు క్షమాపణ వాడికి రెండో దెబ్బ. కొట్టినవాడికి అది పాఠమూ కాదు. రెండు ముక్కలు అంటే బయటపడొచ్చని తెలుసుకుంటాడు, అంతే. మనల్ని చూసి నేర్చుకున్న పిల్ల మధ్యవర్తి ఇంకో అడుగు ముందుకేస్తాడు: గుంజీలు తీయిస్తాడు, కాళ్లు పట్టుకోమంటాడు, సెల్‌ఫోనుంటే వీడియో కూడా తీస్తాడు. పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్నీ మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 2009లోనే నిషేధించింది. గురువు చెయ్యకూడనిది గురువు పెట్టిన కమిటీ చెయ్యవచ్చా?

మూడోది, గుట్టు. తగవు తీర్చే గదిలో విన్నది ఆ గదిలోనే ఉండాలి. మధ్యవర్తి మెస్‌లో కూర్చుని, "తెలుసా, వాడు మా ముందు ఏడ్చాడు" అన్నాడంటే ఆ బడిలో ఇంకెవరూ ఆ గది గుమ్మం తొక్కరు. పిల్లలు ఈ నియమాన్ని మనం అనుకున్నదానికంటే బాగానే పాటిస్తారు. తూట్లు పొడిచేది పెద్దలే. "ఏమన్నారు వాళ్లు? నాకు చెప్పు, ఎవరికీ చెప్పనులే" అని వరండాలో పక్కకు పిలిచే వార్డెన్లను నేనెరుగుదును. మధ్యవర్తి మీకు చెప్పవలసింది ఒక్క ముక్క: ఒప్పందం కుదిరింది, లేదా కుదరలేదు. అంతకుమించి తవ్వితే మీరు మళ్లీ సుద్దముక్క చేతికిస్తున్నట్టే.

అయితే ఈ గుట్టుకు హద్దుంది. ఈ సందేశంలో మిగతా అంతా మరిచిపోయినా ఈ భాగాన్ని మాత్రం మరిచిపోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. ఒక బిడ్డ ప్రాణం తీసుకోవాలనుకుంటున్నానన్నా, పెద్దవాళ్లెవరో ఒంటిమీద చెయ్యి వేస్తున్నారని చెప్పినా, ఎవరినో పొడుస్తానన్నా, అది ఆ గదిలో ఉండిపోకూడదు. పెద్దల మధ్యవర్తిత్వ చట్టమే గోప్యతకు మినహాయింపులు పెట్టింది. నేరం చేస్తానన్న బెదిరింపు, గృహహింస, పిల్లలపై అఘాయిత్యం వాటిలో ఉన్నాయి. కూర్చున్న వెంటనే, ఎవరూ నోరు విప్పకముందే, మధ్యవర్తి ఈ మాట చెప్పాలి: "మీరు చెప్పేది మేం బయట చెప్పం. ప్రాణానికి, ఒంటికి అపాయం ఉందని తెలిస్తే మాత్రం మేడమ్‌కి చెబుతాం." ముందు మాటిచ్చి తర్వాత తప్పడం కంటే ముందే హద్దు గీయడం నిజాయితీ. ఏ మేడమ్‌కి, ఏ సారుకి చెప్పాలో పేరుతో సహా ఆ పిల్లలకు తెలిసి ఉండాలి. బాలల సహాయానికి 1098, మానసిక వేదనకు టెలీమానస్ 14416 నంబర్లు గది గోడ మీద రాసి ఉండాలి.

మధ్యవర్తుల గుమ్మం తొక్కకూడని తగవులు వేరే ఉన్నాయి. ఇద్దరు సమానుల మధ్య వచ్చినది తగవు. ఒకడు రోజూ ఏడిపిస్తూ, ఇంకొకడు రోజూ ఏడుస్తూ ఉంటే అది తగవు కాదు, వేధింపు. వేధించేవాడినీ వేధింపు పడేవాడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఇద్దరూ చెరొక అడుగు తగ్గండి" అనడం అన్యాయం. పడేవాడు ఇంకెంత తగ్గుతాడు? అమెరికా ప్రభుత్వం వేధింపుల నివారణకు నడిపే కార్యక్రమం కూడా ఇలాంటి చోట పిల్లల మధ్యవర్తిత్వం వద్దనే చెబుతుంది. ర్యాగింగ్ మన రెండు రాష్ట్రాల్లోనూ 1997 నుంచి నేరం. దాన్ని సీనియర్ల కమిటీకి అప్పగించడం కన్నా ఘోరం ఉండదు. కులం పేరుతో తిట్టడం, తాకవద్దనడం, వేరు గ్లాసు పెట్టడం కూడా ఆ గదికి రావలసినవి కావు. వాటిని ‘అపార్థం’ అని చిన్నబుచ్చి పిల్లల చేత రాజీ చేయించే బడి, ఆ తిట్టును తానూ తిట్టినట్టే లెక్క.

లైంగిక వేధింపు సంగతి ఇంకా స్పష్టంగా చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఆ శిక్షనుంచి చట్టం మినహాయించింది పిల్లల్నే. అంటే చట్టం దృష్టిలో ఆ బరువు ఎవరి నెత్తిన ఉందో వేరే చెప్పాలా? ఆ బరువును మధ్యవర్తి బ్యాడ్జి పెట్టుకున్న పిల్ల మీదికి నెట్టి, "మీలో మీరు మాట్లాడుకోండి, బడి పరువు పోతుంది" అనే పెద్దలు నేరం చేస్తున్నారు. రాజస్థాన్‌లో ఒక టీచరుపై వచ్చిన లైంగిక వేధింపు కేసును, బాధితురాలి తండ్రి రాజీపడ్డాడన్న కారణంతో హైకోర్టు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. కన్నతండ్రి రాజీకే చెల్లుబాటు లేనిచోట, తొమ్మిదో తరగతి కమిటీ రాజీ ఏం చెల్లుతుంది?

శిక్షణ అంటే మళ్లీ ఒక పూట ఉపన్యాసం, రెండు సమోసాలు, ఒక గ్రూపు ఫొటో అనుకునేరు. వినడం ఎలాగో వినిపిస్తే వచ్చేది కాదు, చేయిస్తే వస్తుంది. ఇద్దరేసి పిల్లల్ని కూర్చోబెట్టండి. ఒకరు మూడు నిమిషాలు మాట్లాడాలి, ఇంకొకరు మధ్యలో దూరకూడదు, సలహా ఇవ్వకూడదు, చివర్లో విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. ఎంతమంది మూడు నిమిషాలు ఆగలేరో అక్కడే బయటపడుతుంది. టీచర్లను కూర్చోబెడితే ఇంకా తొందరగా బయటపడుతుంది. తర్వాత మాటలోని ముల్లు తీయడం నేర్పాలి. "వాడు దొంగ సార్, నా పెన్ను కొట్టేసిండు, వాడి బుద్ధే అంత" అని ఒకడంటాడు. "నీ పెన్ను అతని సంచిలో కనబడింది, నీకు కోపమొచ్చింది, అంతేనా?" అని మధ్యవర్తి తిరిగి చెప్పగలగాలి. అబద్ధం ఆడలేదు, దొంగ అన్న మాట తీసేశాడు. "ఎందుకు చేశావ్?" అని అడిగితే బోనులో నిలబెట్టినట్టు ఉంటుంది. "అప్పుడేం జరిగింది?" అంటే చెప్పాలనిపిస్తుంది. ఈ చిన్న తేడాలే మధ్యవర్తి పని.

ఒప్పందం రాయడమూ నేర్పాలి. ‘ఇకమీదట స్నేహంగా ఉంటాం’ అనేది ఒప్పందం కాదు, గోడ మీద రాసే నీతివాక్యం. ‘సోమ, బుధ, శుక్రవారాల్లో కుళాయి దగ్గర ముందు వంతు నాది, మిగతా రోజుల్లో అతనిది’ అనేది ఒప్పందం. దాన్ని ఆ ఇద్దరే తమ నోటితో చెప్పాలి, మధ్యవర్తి అందించకూడదు. వారం తర్వాత పిలిచి నడుస్తోందా అని అడగాలి.

ఒక గురుకులం డార్మిటరీలో ఎన్ని భాషలుంటాయో ఎప్పుడైనా చెవిపెట్టి విన్నారా? తెలంగాణ యాస, ఉత్తరాంధ్ర యాస, రాయలసీమ యాస, ఇంట్లో లంబాడీ, కోయ, గోండి, ఉర్దూ మాట్లాడే పిల్లలు. సగం గొడవలు ఒకరి మాటను ఇంకొకరు వెక్కిరించడం దగ్గరే మొదలవుతాయి. అలాంటి చోట మధ్యవర్తులంతా ఒకే రకం పిల్లలైతే, మార్కులు బాగా వచ్చేవాళ్లూ టీచర్లకు ఇష్టమైనవాళ్లూ మాత్రమే అయితే, పిట్టపోరు పిల్లి తీర్చినట్టే. ఇద్దరిద్దరు జంటగా కూర్చోవాలి, ఆ ఇద్దరూ వేర్వేరు చోట్లనుంచి వచ్చినవాళ్లయితే మేలు. అంతకుముందు తానే గొడవలు పడిన పిల్లవాణ్ణి కూడా తీసుకోండి. కోపం లోపలినుంచి ఎలా ఉంటుందో ఫస్ట్ ర్యాంకు పిల్లకంటే వాడికే బాగా తెలుసు.

ఇన్ని మాటలు వినే పిల్లల మనసు ఏమవుతుంది? వారానికి ఒకసారైనా ఒక టీచరు వాళ్లతో కూర్చుని, ఎవరి పేర్లూ అడగకుండా, "ఈ వారం నీకు బరువుగా అనిపించిందా?" అని అడగాలి. పదో తరగతి పిల్లలకు పరీక్షల నెలల్లో ఈ పనినుంచి సెలవివ్వాలి. చాలనుకున్న రోజున బ్యాడ్జి తిరిగి ఇచ్చేసే స్వేచ్ఛ ఉండాలి. తెల్లవారి లేస్తే స్టడీ అవర్లు తప్ప ఇంకేమీ లేని కార్పొరేట్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలు దీనికి టైమెక్కడిది అంటాయి. పిల్లలు ఒకరి గోడు ఒకరు వినడానికి వారానికో గంట లేని చోటును చదువుల చోటు అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ప్రధానోపాధ్యాయులారా, మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక ఉత్తరం రాయండి. నలభై గంటల శిక్షణ పొందిన మధ్యవర్తులను సెలవుల్లో రెండు రోజులు పంపమని అడగండి. మీ టీచర్లలో ఇద్దరిని పిల్లలతోపాటు ఆ శిక్షణలో కూర్చోబెట్టండి, పక్కన కుర్చీలో కాదు, చాప మీద. న్యాయవాద మిత్రులారా, పిలుపు రాకపోయినా మీరే వెళ్లండి. తల్లిదండ్రులారా, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశంలో మరుగుదొడ్ల గురించి, మధ్యాహ్న భోజనం గురించి అడిగినట్టే ఇదీ అడగండి: మా పిల్లల తగవులు ఎవరు తీరుస్తున్నారు, వాళ్లకు ఎవరు నేర్పారు, ఏ తగవులు వాళ్ల దగ్గరకు పోకూడదని రాసిపెట్టారు? ఆ నియమాలు తెలుగులో, ఒక పేజీకి మించకుండా, ఆరో తరగతి పిల్లకు అర్థమయ్యేలా రాయించి ప్రతి డార్మిటరీ గోడకూ అతికించమనండి.

పై తరగతుల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో ఒక మాట. మీ సారు రేపు మిమ్మల్ని పిలిచి బ్యాడ్జి ఇవ్వబోతే వెంటనే తీసుకోకండి. "శిక్షణ ఎప్పుడు సార్? అపాయం కనబడితే మేం ఎవరికి చెప్పాలి? మేం విన్నది మీరు అడగరు కదా?" అని మర్యాదగా అడగండి. అడిగినందుకు ఎవరైనా కోప్పడితే కోప్పడనివ్వండి. చిన్నపిల్లలు రేపు మీ ముందు కూర్చుని తమ గోడు చెప్పుకోబోతున్నారు, వాళ్లకోసం ఆ మాత్రం అడగడం మీ మొదటి బాధ్యత.

జూన్‌లో బళ్లు తెరుచుకుంటాయి. కొత్త లీడర్లు, కొత్త కమిటీలు, కొత్త బ్యాడ్జీలు వస్తాయి. ఈలోగా రెండు రోజుల శిక్షణ, ఒక పేజీ నియమాలు, బాధ్యత తీసుకునే ఒక పెద్ద మనిషి పేరు సిద్ధం చెయ్యండి. అవి సిద్ధం కాని బడిలో ఏ బిడ్డకూ ఆ బ్యాడ్జి పెట్టకండి.